మిర్చి యార్డులో పనిచేస్తూ లాసిక్ చేయించుకోవచ్చా?

గుంటూరు యార్డులో గుమస్తాని, 22 ఏళ్లు, కళ్లద్దాల పవర్ మైనస్ 4, లాసిక్ (అద్దాల అవసరం తగ్గించే లేజర్ కంటి ఆపరేషన్) చేయించుకోవచ్చా అన్నారు. ముందు పాత కళ్లద్దాల చీటీలు తీసి చూడండి. ఏడాదిగా పవర్ మారకపోతేనే ఆ మాట. అసలు సంగతి కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, మందం. మామూలుగా అర మిల్లీమీటరు పైచిలుకు ఉంటుంది. లేజర్ చెక్కేది దాన్నే. పవర్ ఎక్కువైతే చెక్కుడూ ఎక్కువే. పైపొర ఎత్తి చెక్కాక అడుగున కనీసం 250 మైక్రాన్లు, అంటే పావు మిల్లీమీటరు, మిగలాలి. పల్చగా ఉన్నా, శంకువులా ముందుకు పొడుచుకొస్తున్నా డాక్టరే వద్దంటారు. అది స్కాన్‌లో తేలుతుంది. కాంటాక్ట్ లెన్సులు వాడుతుంటే స్కాన్‌కి వారం, రెండు వారాల ముందే ఆపేయండి, లేకపోతే కొలత తప్పొస్తుంది.

ఆపరేషన్ గురించి నాకు టెన్షన్ లేదు, నా భయమంతా ఘాటు గురించే. కళ్లు నలపకూడని మొదటి వారాల్లో మిర్చి టిక్కీల (బస్తాల) మధ్య నిలబడితే చెయ్యి ఊరుకుంటుందా? యార్డుకు వేసవి సెలవులిచ్చినప్పుడు పెట్టుకోండి.