ఘనా విదేశాంగ మంత్రుల గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం నిన్న రాత్రి ఒకసారి, పొద్దున కాఫీ తాగుతూ ఇంకోసారి చదివాను. 1957 నుంచి ఇప్పటిదాకా ఘనాకి విదేశాంగ మంత్రులుగా పనిచేసినవాళ్ళ పేర్లు, పదవీకాలాలు వరసపెట్టి సేకరించావు, అది చిన్న పని కాదు. తెలుగులో పశ్చిమ ఆఫ్రికా రాజకీయాల గురించి రాసేవాళ్ళే తక్కువ, నువ్వు ఈ పని నెత్తికెత్తుకున్నందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది. కానీ ఒక మాట. నువ్వు అందరికీ తలా నాలుగు వాక్యాలు ఇచ్చావు, బంతి భోజనంలో వడ్డించుకుంటూ పోయినట్టు. ఉరిశిక్ష పడినాయనకీ నాలుగే, ఏడాది కూడా నిండకుండా దిగిపోయినాయనకీ నాలుగే, పదిహేనేళ్ళు కుర్చీలో ఉన్నాయనకీ నాలుగే. ఇలా రాస్తే చదివేవాడికి చివరికి ఒక్క ముఖం కూడా గుర్తుండదు.

ఆకో అజెయి దగ్గర ఆగు. ఆయన గురించి ‘1959 నుంచి 1962 వరకు మంత్రి, తర్వాత జైలుకు వెళ్ళారు’ అని రాసి ముందుకెళ్ళిపోయావు. ఎందుకు వెళ్ళారు, ఎవరు పంపారు అని ఒక్క క్షణం ఆగి అడగాలి కదా. 1947లో గోల్డ్ కోస్ట్ (స్వాతంత్ర్యానికి ముందు ఘనా పేరు) నాయకులు కొత్తగా పెట్టుకున్న పార్టీకి, అంటే యునైటెడ్ గోల్డ్ కోస్ట్ కన్వెన్షన్‌కి, పూర్తికాలం పనిచేసే ప్రధాన కార్యదర్శి కావాల్సి వచ్చినప్పుడు ముందు అడిగింది ఈయన్నే. ఈయన తాను తప్పుకుని, అమెరికాలో లింకన్ యూనివర్సిటీలో నాతో చదువుకున్న స్నేహితుడొకడు ఇప్పుడు లండన్‌లో ఉన్నాడు, అతన్ని పిలవండి అని చెప్పారు. ఆ స్నేహితుడే తర్వాత స్వతంత్ర ఘనాకి తొలి నాయకుడైన క్వామే ఎన్‌క్రుమా. 1948 అల్లర్ల తర్వాత బ్రిటిష్ వాళ్ళు అరెస్టు చేసిన ఆరుగురిలో వీళ్ళిద్దరూ ఉన్నారు, ఘనాలో ఆ ఆరుగురినీ ఇప్పటికీ ‘బిగ్ సిక్స్’ అనే పిలుస్తారు.

ఇప్పుడు 1962 ఆగస్టు 1కి రా. ఎన్‌క్రుమా పొరుగున ఉన్న అప్పర్ వోల్టా (ఇప్పటి బుర్కినా ఫాసో) అధ్యక్షుడిని కలిసి తిరిగొస్తూ, సరిహద్దు పక్కనే ఉన్న కులుంగుగు అనే పల్లెలో దిగారు. జనం, స్కూలు పిల్లలు స్వాగతం చెప్పడానికి నిలబడి ఉన్నారు. అక్కడ బాంబు పేలింది. ఎన్‌క్రుమా గాయాలతో బయటపడ్డారు. ఆ నెల ముగిసేలోపే విదేశాంగ మంత్రి అజెయి అరెస్టయ్యారు, ఆయనతో పాటు సమాచార మంత్రి తావియా అడమాఫియో, పార్టీ కార్యదర్శి కోఫీ క్రాబ్ కూడా. కాన్వాయ్‌లో వీళ్ళు నాయకుడికి దూరంగా వేరే కార్లలో ప్రయాణించారన్నది వీళ్ళ మీద మోపిన అనుమానాల్లో ఒకటి. ఆ కారు గురించి రాయి, తమ్ముడూ. ఎప్పుడూ నాయకుడి పక్కనే ఉండే మనిషి ఒకరోజు వెనక కారులో కూర్చోవడం, ఆ తర్వాత అదే కోర్టులో ప్రాసిక్యూషన్ వాదన కావడం, ఇది చూపిస్తే ఆ రోజుల్లో రాజధాని అక్రాలో ఎంత టెన్షన్ ఉందో వేరే చెప్పక్కర్లేదు.

1963 డిసెంబరులో ప్రత్యేక కోర్టు ఈ ముగ్గురినీ నిర్దోషులని తేల్చింది. బెంచి మీద ముగ్గురు జడ్జిలు: ప్రధాన న్యాయమూర్తి సర్ ఆర్కు కోర్సా, వాన్ లేర్, ఎడ్వర్డ్ అకుఫో-అడ్డో. తీర్పు వచ్చిన రోజుల్లోనే ఎన్‌క్రుమా ప్రధాన న్యాయమూర్తిని పదవిలోంచి తీసేశారు. తర్వాత అకుఫో-అడ్డో ఉద్యోగమూ పోయింది. ఆ తీర్పును చెల్లకుండా చేసి, కేసు మళ్ళీ నడిపించి, అజెయికి ఉరిశిక్ష వేశారు, తర్వాత దాన్ని ఇరవై ఏళ్ళ జైలుగా తగ్గించారు. 1966 ఫిబ్రవరి 24న సైన్యం, పోలీసులు కలిసి ఎన్‌క్రుమాని దించేశాకే ఆయన బయటికొచ్చారు. 2002 దాకా బతికారు. తను పిలిపించిన స్నేహితుడి పాలనలోనే ఉరికంబం దాకా వెళ్ళొచ్చిన మనిషికి నాలుగు వాక్యాలు చాలవు, రెండు పేజీలైనా ఇవ్వు.

ఆ బెంచి మీద కూర్చున్న ఎడ్వర్డ్ అకుఫో-అడ్డో కూడా బిగ్ సిక్స్‌లో ఒకరే. తర్వాత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, 1970లో దేశాధ్యక్షుడూ అయ్యారు. ఆయన అధ్యక్షుడిగా ఉండగా 1971లో విదేశాంగ శాఖ తీసుకున్నది బిగ్ సిక్స్‌లో ఇంకొకరు, విలియం ఒఫోరీ అట్టా. 1972 జనవరిలో మళ్ళీ సైన్యం వచ్చి ఆ ప్రభుత్వాన్నీ కూల్చింది. ఇక 2003లో విదేశాంగ మంత్రి అయిన నానా అకుఫో-అడ్డో ఎవరనుకున్నావ్? ఆ జడ్జి కొడుకు. ఒక విదేశాంగ మంత్రిని విడుదల చేయాలన్నందుకు తండ్రి పదవి పోయింది, నలభై ఏళ్ళకి కొడుకు అదే శాఖకి మంత్రి అయ్యాడు, 2017లో దేశాధ్యక్షుడూ అయ్యాడు. నీ వ్యాసంలో ఈ రెండు పేర్లూ ఉన్నాయి, ఒకటి ఫుట్‌నోట్‌లో, ఇంకోటి చివరి పేజీలో, మధ్యలో దారం మాత్రం లేదు.

ఇంకోటి, పదవి పేరు చూసి అధికారమంతా అక్కడే ఉందనుకోకు. 1957లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు విదేశీ వ్యవహారాలు ఎన్‌క్రుమా తన దగ్గరే పెట్టుకున్నారు. ఆఫ్రికా వ్యవహారాలకి సలహాదారుగా ట్రినిడాడ్ నుంచి వచ్చిన జార్జ్ ప్యాడ్‌మోర్‌ని నియమించుకున్నారు, 1959లో ప్యాడ్‌మోర్ చనిపోయాక కూడా ఆఫ్రికా వ్యవహారాల బ్యూరో అని వేరే ఆఫీసు నడిచింది. అంటే పక్క దేశాల విముక్తి ఉద్యమాలతో ఎవరు మాట్లాడాలి, ఎవరికి సాయం చేయాలి అన్నది చాలాసార్లు మంత్రి గుమ్మం తొక్కకుండానే తేలిపోయేది. కోజో బోట్సియో రెండుసార్లు మంత్రిగా చేశారని రాశావు, సరే, ఆయన చేతిలో ఏముంది ఏం లేదు అన్నది కూడా రాయాలి.

అలెక్స్ క్వేసన్-సాకీ గురించి నువ్వు ‘ఐక్యరాజ్య సమితి జనరల్ అసెంబ్లీకి అధ్యక్షుడైన తొలి ఆఫ్రికన్’ అన్నావు. ఈ తప్పు నేనూ చేశాను, చాలా ఏళ్ళ కింద, ఒక పత్రికలో అచ్చయ్యాక ఒక పాఠకుడు కార్డు ముక్క మీద రాసి పంపాడు, 1961లో ట్యునీషియాకి చెందిన మోంగీ స్లిమ్ ఆ కుర్చీలో కూర్చున్నారండీ అని. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. క్వేసన్-సాకీ 1964లో ఎన్నికైన తొలి నల్లజాతి ఆఫ్రికన్. ‘తొలి’ అని రాసే ముందు రెండుసార్లు చూసుకో. పైగా ఆయన సంగతిలో అంతకన్నా ఆసక్తికరమైనది వేరే ఉంది: శాంతిసేనల ఖర్చు తాలూకు బకాయిలు కట్టబోమని సోవియట్ యూనియన్, ఫ్రాన్స్ మొండికేస్తే, బకాయి ఉన్నవాళ్ళకి ఓటు ఉండకూడదని అమెరికా పట్టుబట్టింది. ఆ గొడవ తెగక ఆ సమావేశాల్లో దాదాపు ఓటింగే లేకుండా నెట్టుకొచ్చారు. అంత పెద్ద సభకి అధ్యక్షత వహిస్తూ దాదాపు ఎవరి చేతా ఓటు వేయించకుండా బండి నడపడం ఎలాంటి పనో ఒక్కసారి ఊహించుకో.

ఇక్కడి నుంచి నీకు నా అసలు సలహా. ఈ మొత్తం చరిత్రని అక్రా ఎయిర్‌పోర్టు దగ్గర నిలబడి చూడు.

1966 ఫిబ్రవరిలో సైన్యం అధికారం లాక్కున్నప్పుడు ఎన్‌క్రుమా హనోయికి వెళ్ళే దారిలో పెకింగ్‌లో ఉన్నారు, క్వేసన్-సాకీ ఆయన విదేశాంగ మంత్రి. ఆఫ్రికా ఐక్యతా సంస్థ సమావేశంలో మన తరఫున నిలబడు అని ఆయన్ని అడిస్ అబాబా పంపారు. ఆయన అక్కడికి వెళ్ళలేదు, అక్రాకి తిరిగొచ్చేశారు. ఎన్‌క్రుమాకి గినీ ఆశ్రయమిచ్చింది, అక్కడి అధ్యక్షుడు సెకూ టూరే ఆయన్ని సహ అధ్యక్షుడిగా ప్రకటించారు. రెండు దేశాల మధ్య నిప్పు రాజుకుంది. ఆ అక్టోబరు చివర్లో గినీ విదేశాంగ మంత్రి లూయీ లన్సానా బెవోగీ అడిస్ అబాబా సమావేశానికి పాన్ యామ్ విమానంలో వెళ్తుంటే, అది అక్రాలో ఆగినప్పుడు ఘనా సైనిక ప్రభుత్వం ఆయన్ని దింపేసి నిర్బంధించింది, ఆయనతో కలిపి పంతొమ్మిది మందిని. గినీలో ఉన్న మా వాళ్ళని వదిలితే వీళ్ళని వదులుతామంది. విమానం అమెరికా కంపెనీది కాబట్టి గినీ కోపం అమెరికా మీదికి తిరిగింది, గినీ రాజధాని కొనాక్రీలో అమెరికా రాయబారిని ఇల్లు కదలనివ్వలేదు. వారం తిరిగేసరికి మిగతా ఆఫ్రికా దేశాలు తలదూర్చాక బెవోగీ బయటపడ్డారు.

ఇప్పుడు 2003 జూన్ 4. ఊరు అదే. లైబీరియా శాంతి చర్చలకి ఘనా ఆతిథ్యం ఇచ్చింది, లైబీరియా అధ్యక్షుడు చార్లెస్ టేలర్ అక్రాలో ఉన్నారు. సరిగ్గా ఆ రోజే సియెరా లియోన్ ప్రత్యేక కోర్టు ఆయన మీద యుద్ధ నేరాల అభియోగాలు బయటపెట్టి, పట్టుకోమంది. నానా అకుఫో-అడ్డో విదేశాంగ మంత్రి అయి అప్పటికి నెలలే. పట్టుకుంటే చర్చలకి పిలిచి బంధించారన్న మాట పడుతుంది, పైగా లైబీరియా రాజధాని మన్రోవియాలో ఏమవుతుందో తెలీదు. వదిలేస్తే అంతర్జాతీయ కోర్టు మాట కాదన్నట్టవుతుంది. వదిలేశారు. టేలర్ అదే రోజు ఘనా ప్రభుత్వ విమానంలోనే ఇంటికెళ్ళారు. ఆగస్టు 11న గద్దె దిగి నైజీరియా వెళ్ళిపోయారు, వారం తర్వాత ఆగస్టు 18న అక్రాలోనే శాంతి ఒప్పందం మీద సంతకాలయ్యాయి, 2012లో టేలర్‌కి యాభై ఏళ్ళ జైలు పడింది. ఘనా చేసింది సరైనదా కాదా అన్నదాని మీద నా అభిప్రాయం నాకుంది, ఆ రోజు పట్టుకుని ఉంటే మన్రోవియాలో ఇంకా రక్తం పారేదని నేననుకుంటాను, నువ్వు వేరేలా అనుకోవచ్చు, అనుకుంటే అలాగే రాయి. కానీ ముప్ఫై ఏడేళ్ళ తేడాలో ఈ రెండు విమానాలనీ పక్కపక్కన పెట్టు. ఒకరు తన మంత్రి ఉద్యోగం చేసుకోవడానికి వెళ్తూ దారిలో ఆగిన మనిషి, ఆయన్ని దింపేశారు. ఇంకొకరి మీద కోర్టు అభియోగాలున్నాయి, ఆయన్ని తమ విమానంలోనే ఎక్కించి పంపారు.

భాష గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఇది నాకు చాలా బాధ కలిగించింది. కర్నల్ రోజర్ ఫెల్లీ గురించి ‘1979లో కన్నుమూశారు’ అని రాశావు. అచియాంపాంగ్ సైనిక ప్రభుత్వంలో 1975 నుంచి విదేశాంగ మంత్రిగా పనిచేసిన ఆ మనిషిని 1979 జూన్ 26న, ఇద్దరు మాజీ దేశాధినేతలు అఫ్రిఫా, అకుఫోలతో పాటు మొత్తం ఆరుగురిని, అక్రాలో కాల్చి చంపారు. కన్నుమూయడం వేరు, కాల్చి చంపడం వేరు. మర్యాద కోసం మాట మెత్తబరిస్తే జరిగింది మాయమైపోతుంది. వాళ్ళని చంపించిన, ఆ నెలలోనే అధికారం పట్టిన సైనికాధికారి రాలింగ్స్ ప్రభుత్వంలోనే విదేశాంగ శాఖ చూసింది గ్లోరియా అమోన్ నికోయి, ఘనాకి ఆ పదవిలో తొలి మహిళ, దౌత్య ఉద్యోగం చేస్తూ పైకొచ్చిన అధికారి. ఈ ‘తొలి’ని నువ్వు సంబరంగా రాశావు, రాయాల్సిందే, కానీ పక్క వాక్యంలోనే ఆ తుపాకుల చప్పుడు కూడా వినిపించాలి. ఒక మాజీ విదేశాంగ మంత్రిని కాల్చి చంపిన నెలల్లోనే ఆవిడ ఆ ఆఫీసుకి వెళ్ళి ఫైళ్ళు చూశారు.

ఓబెడ్ అసమోవాకి నువ్విచ్చిన చోటు మరీ తక్కువ. 1982 నుంచి 1997 దాకా ఆయనే. లిబియా, క్యూబాలకి దగ్గరగా మొదలైన రాలింగ్స్ రెండో ప్రభుత్వం 1983లో ఐఎంఎఫ్ దారి పట్టినప్పుడు ఇటువాళ్ళకీ అటువాళ్ళకీ సమాధానం చెప్పుకోవాల్సింది ఆయనే. 1990లో లైబీరియాకి పశ్చిమ ఆఫ్రికా సేన వెళ్ళినప్పుడు తొలి కమాండర్ ఘనా జనరల్ ఆర్నాల్డ్ క్వైనూ. అక్కడి నుంచి మొదలుపెడితే 2003 అక్రా చర్చలకి దారి దానంతటదే దొరుకుతుంది. షిర్లీ అయోర్కర్ బోచ్వే దగ్గర మాత్రం ఎక్కువసేపు ఉండక్కర్లేదు, ఎనిమిదేళ్ళు చేసి 2025 ఏప్రిల్‌లో కామన్వెల్త్ సెక్రటరీ జనరల్ అయ్యారని చెబితే చాలు, ఆవిడ కథ ఇంకా నడుస్తోంది.

మన పీవీ నరసింహారావు గారితో పెట్టిన పోలిక తీసెయ్. విదేశాంగ మంత్రిగా చేసి తర్వాత దేశాన్ని ఏలారన్న ఒక్క సామ్యం తప్ప నానా అకుఫో-అడ్డోకీ ఆయనకీ కలిసేది ఏమీ లేదు, తెలుగువాళ్ళు చదువుతారు కదా అని తెలుగు పేరు పెట్టక్కర్లేదు. దానికి బదులు పేర్ల సంగతి చెప్పు, క్వామే అంటే శనివారం పుట్టినవాడు, కోఫీ అంటే శుక్రవారం పుట్టినవాడు అని. ఇన్ని కోఫీలు, క్వామేలు ఎందుకొస్తున్నాయో తెలిస్తే చదివేవాళ్ళు తికమక పడరు.

పేర్లు, పదవీకాలాలు అన్నీ చివర ఒక పట్టికలో పెడదాం, నీ కష్టం వృథా పోదు. ముందు ఎయిర్‌పోర్టు భాగం రాయి, బెవోగీని దింపిన రోజుతో మొదలుపెట్టు, ఎంత ముడిగా ఉన్నా సరే ఆదివారంలోగా నాకు పంపు.

ప్రేమతో,
అన్నయ్య