సాహస కథల బొమ్మలున్న ఖరీదైన మెకానికల్ వాచీ: డయల్ అసలు ఎనామిలా, ప్రింటా?

డయల్ మీద వేడిగాలి బెలూన్, కింద తుఫాను కెరటాలు. అది నిజమైన ఎనామిలేనా (లోహం మీద గాజుపొడి కరిగించి వేసే పూత), చెన్నై ఉక్కకు పాడవుతుందా అన్నది ప్రశ్న.

టి.నగర్ నగల కొట్లలో రాళ్లు చూసే 10 రెట్ల లూప్ (చిన్న భూతద్దం) చాలు. ఒకే తీరు సన్నచుక్కలు వరసగా కనిపిస్తే ప్రింట్. క్లాజొన్నే పనైతే రంగుకీ రంగుకీ మధ్య వెంట్రుకంత బంగారు తీగ గట్టులా ఉంటుంది. చేత్తో వేసిన బొమ్మలో కుంచె జాడలుంటాయి. ‘కోల్డ్ ఎనామిల్’ అన్నారంటే అది రెసిన్, అంటే కొలిమిలో కాల్చని ప్లాస్టిక్ లాంటి పూత. దానికి ఆ ధర దండగ.

అసలుది గాజుపొడి. రంగు వేసిన ప్రతిసారీ సుమారు 800 డిగ్రీల కొలిమిలో కాలుస్తారు. చల్లారేటప్పుడు లోహం, గాజు వేర్వేరుగా కుంచించుకుంటాయి కాబట్టి వెనక వైపూ ఎనామిల్ పూస్తారు. అయినా ఆఖరి కాల్పులో బీట పడితే అన్నాళ్ల పనీ బుట్టదాఖలే. ధరలో సగం కథ అదే.

గాజు గనక తేమకు చెడదు, ఎండకు వెలవదు. భయపడాల్సింది దెబ్బకు; సర్వీసులో ముళ్లు గట్టిగా నొక్కితే డయల్ వంగి ఎనామిల్ చిట్లడానికి. తేమకు తుప్పు పట్టేవి లోపలి ఉక్కు భాగాలు. కీ ఇచ్చాక క్రౌన్ (పక్కనుండే తిప్పే మర) పూర్తిగా లోపలికి నొక్కండి, సర్వీసుకోసారి గాస్కెట్లు (నీళ్లు, తేమ లోపలికి రాకుండా ఆపే రబ్బరు రింగులు) మార్పించండి. నీళ్లు ఆపుతుందంటూ వాచీ మీద 30 మీటర్లు అని రాసి ఉన్నా మెరీనాలో మునగడానికి మాత్రం కాదు.