కొత్త మందు వచ్చేదాకా మినాక్సిడిల్ ఆపేయనా?

ప్రశ్న: నా వయసు 28. నాన్నకు, మేనమామకు బట్టతల. నాకూ రెండేళ్లుగా నుదుటి పక్కల, నడినెత్తిన జుట్టు పలచబడుతోంది. ఆరు నెలలుగా మినాక్సిడిల్ రాస్తున్నాను. రాలడం తగ్గింది గానీ కొత్త జుట్టు పెద్దగా రాలేదు. పీపీ405, క్లాస్కోటెరోన్ మందులు ట్రయల్స్‌లో ఉన్నాయని రోజూ చదువుతున్నా. అవి వచ్చేదాకా ఇది ఆపేయవచ్చా? పీపీ405 పొడి ఆన్‌లైన్‌లో దొరుకుతుందని ఫ్రెండ్ అంటున్నాడు, తెప్పించుకోనా?
- ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మినాక్సిడిల్ ఆపకండి, ఆ పొడి జోలికి వెళ్లకండి. రాలడం తగ్గిందంటే మందు పనిచేస్తున్నట్టే. ఆపితే అది నిలబెట్టిన జుట్టు మూడు నాలుగు నెలల్లో ఊడిపోతుంది.

నడినెత్తి మీది వెంట్రుక ఒకటి, చెవి వెనకది ఒకటి తెల్లకాగితం మీద పక్కపక్కన పెట్టి చూడండి. నెత్తి మీదిది సన్నగా, పొట్టిగా ఉంటుంది. డీహెచ్‌టీ అనే హార్మోన్ వల్ల అక్కడి కుదుళ్లు ఏటికేడు కుంచించుకుపోతుంటాయి. వెంట్రుక పూర్తిగా నూగుగా మారాక దాన్ని వెనక్కి తేవడం ఏ మందుకైనా కష్టమే. కొత్త మందు కోసం ఆగితే ఈలోగా జరిగేది అదే.

ఇక మీరు చదువుతున్న వార్తలు. పీపీ405 లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధనల్లోంచి వచ్చింది. కుదుళ్లలో నిద్రాణంగా ఉన్న మూలకణాలను లేపాలన్నది దాని ఉద్దేశం. 2025లో వెల్లడైన ఫేజ్ 2ఏ (కొద్దిమందిపై జరిపే తొలి దశ) ట్రయల్‌లో పాల్గొన్నది 78 మంది. జుట్టు ఎక్కువగా పోయిన మగవారిలో 31 శాతం మందికి 8 వారాలకు జుట్టు ఒత్తు 20 శాతానికి పైగా పెరిగింది. మందు లేని ఉత్తుత్తి ద్రావణం రాసుకున్నవారిలో ఒక్కరికీ అంత పెరగలేదు. ఆశ పుట్టించే ఫలితమే. కానీ మిగతా 69 శాతం మంది సంగతేమిటి? పైగా 8 వారాలు జుట్టు విషయంలో ఓ లెక్క కాదు. మినాక్సిడిల్‌కే మేం ఆరు నెలలు ఆగి చూడమంటాం.

క్లాస్కోటెరోన్ ఇంకాస్త ముందుంది. ఇది డీహెచ్‌టీని కుదురు దగ్గరే అడ్డుకుంటుంది. దీని 1 శాతం క్రీమ్‌కు మొటిమల కోసం అమెరికా 2020లోనే అనుమతిచ్చింది. బట్టతలకు 5 శాతం ద్రావణంపై జరిగిన రెండు ఫేజ్ 3 (అనుమతికి ముందు ఎక్కువమందిపై జరిపే దశ) ట్రయల్స్ ఫలితాలను కంపెనీ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. '539 శాతం మెరుగు' అన్న హెడ్డింగ్ మీరూ చూసే ఉంటారు. అది ఉత్తుత్తి ద్రావణంతో పోల్చి చెప్పిన అంకె. దానితో ఒక వెంట్రుక పెరిగిన చోట మందుతో ఆరు పెరిగినా 500 శాతం ఎక్కువ అనొచ్చు! రెండో ట్రయల్‌లో అదే అంకె 168. అందుకే శాతాలు వదిలేసి, చదరపు సెంటీమీటరుకు ఎన్ని వెంట్రుకలు పెరిగాయో వెతకండి.

చివరిదాకా వచ్చి బోల్తా పడ్డవీ ఉన్నాయి. కేఎక్స్-826 అనే మందు 2023లో చైనాలో ఫేజ్ 3లో ఉత్తుత్తి ద్రావణం కన్నా స్పష్టంగా మెరుగని తేల్చుకోలేకపోయింది. సెటిపిప్రాంట్ మీదా ఒకప్పుడు ఇంతే హడావుడి, అదీ ట్రయల్‌లో తేలిపోయింది.

ఆన్‌లైన్ పొడిలో ఏముందో, ఎంత శుద్ధమో అమ్మేవాడికే తెలియదు. ట్రయల్‌లో ఉన్నవారిని డాక్టర్లు కనిపెట్టుకుని ఉంటారు. బాత్‌రూమ్‌లో కలుపుకుని రాసుకుంటే మిమ్మల్ని చూసేదెవరు? నిజంగా ట్రయల్‌లో చేరాలనుంటే సీటీఆర్ఐ (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ - ఇండియా)లో వెతకండి. మన దేశంలో ట్రయల్స్‌ను అందులో నమోదు చేయడం 2009 నుంచి తప్పనిసరి. చేర్చుకోవడానికి డబ్బు కట్టమన్నారంటే అనుమానించాల్సిందే. చేరినా మీకు ఉత్తుత్తి ద్రావణమే రావచ్చు.

ప్రస్తుతానికి ఒకసారి చర్మవ్యాధి నిపుణుణ్ని కలిసి, మినాక్సిడిల్‌కు తోడు డీహెచ్‌టీని తగ్గించే ఫినాస్టరైడ్ 1 మిల్లీగ్రాము మాత్ర మీకు సరిపోతుందేమో అడగండి. కొద్దిమందిలో దానివల్ల కోరికలు తగ్గడం, అంగస్తంభన సమస్యలు, మనసు దిగాలుగా ఉండటం కనిపిస్తాయి. కాబట్టి గతంలో డిప్రెషన్ ఉందా, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నారా అన్నది మొహమాటపడకుండా ముందే చెప్పేయండి.