బంతి దగ్గర లేనప్పుడు: ఒక యువ క్రీడా రచయితకు లేఖ

తమ్ముడూ,

హంగరీ మిడ్‌ఫీల్డర్ దొమినిక్ సొబొస్లయి మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం హాయిగా నడుస్తోంది, ఆ విషయంలో నీకు చెప్పాల్సిందేమీ లేదు. కానీ మొత్తం చదివాక అతను ఏ క్లబ్బు నుంచి ఏ క్లబ్బుకి ఎంతకు వెళ్లాడో తెలిసింది గాని, మైదానంలో ఏం చేస్తాడో మాత్రం తెలియలేదు. సాల్జ్‌బర్గ్, లైప్‌జిగ్, లివర్‌పూల్, ట్రోఫీలు, 7 కోట్ల యూరోలు. పేరు కొడితే ఇదంతా ఫోన్‌లోనే వచ్చేస్తుంది. దానికి నువ్వెందుకు?

ముందు అక్కర్లేనివి తీసేద్దాం. అతను పుట్టిన సేకెష్‌ఫెహేర్‌వార్ ఒకప్పుడు హంగరీ రాజుల పట్టాభిషేకాలు జరిగిన ఊరన్నది నిజమే. దానికీ అతని పాస్‌లకీ సంబంధం లేదు కాబట్టి ఆ పేరా వద్దు. 'హంగరీ విరాట్ కోహ్లీ' అన్న మాట కూడా కొట్టేశాను. మన పాఠకుడికి అర్థం కావాలని క్రికెట్‌ని తెచ్చావని తెలుసు. కానీ ఆ పోలిక చదివినవాడికి కోహ్లీ గుర్తొస్తాడు, ఈ కుర్రాడు గుర్తురాడు. అర్ధరాత్రి దాటాక కూడా లేచి కూర్చుని యూరప్ మ్యాచ్‌లు చూసే పిల్లలు ఇప్పుడు మన దగ్గర బోలెడంత మంది. వాళ్లకి ఫుట్‌బాల్‌ని ఫుట్‌బాల్‌లాగే చెప్పు.

గోల్ఫ్ బంతుల సంగతి నీకూ దొరికింది. ఎదుటివాడి చొక్కా పట్టుకుని లాగే అలవాటు రాకూడదని, చిన్నప్పుడు ప్రాక్టీస్‌లో కొడుకు రెండు చేతుల్లో గోల్ఫ్ బంతులు పెట్టి ఆడించేవాడు తండ్రి జోల్ట్. అతని మీద రాసిన ప్రతివాడూ ఇది రాశాడు. నువ్వూ రాయి, తప్పులేదు. కానీ దాన్ని వింతగా చెప్పి వదిలేశావు. చేతులు వాడకుండా ఎదుటివాణ్ణి ఆపాలంటే ఏం చేయాలి? వాడికంటే ముందే ఆ చోటికి చేరాలి. అంటే కాళ్లకన్నా ముందు కళ్లు పనిచేయాలి. ఈ రోజు అతని ఆటలో కనిపించేది అదే. ఇంకొకటి, తండ్రి గురించి జాగ్రత్త. ఆయన కూడా ఆటగాడే, ఊళ్లో ఫోనిక్స్ గోల్డ్ అనే అకాడమీ పెట్టి కొడుకుని అందులోనే తయారు చేశాడు. ఇలాంటి తండ్రిని మన రచయితలు రెండే రకాలుగా రాస్తారు, దేవుడిలాగో హిట్లర్‌లాగో. ఆయన ఏం చేశాడో చెప్పి ఊరుకో.

ఇక క్లబ్బుల వరస. తీసేయమనడం లేదు, దాని వెనకున్న కారణం రాయమంటున్నాను. బుడాపెస్ట్‌లోని ఎం.టి.కె. యూత్ జట్టులో ఉన్న కుర్రాడు 2017లో, 16 ఏళ్ల వయసులో, ఆస్ట్రియా వెళ్లాడు. సాల్జ్‌బర్గ్‌లోకి నేరుగా దిగలేదు. ముందు లీఫెరింగ్‌లో ఆడాడు. అది రెండో డివిజన్‌లో ఉండే వాళ్ల అనుబంధ జట్టు. అక్కడ కుర్రాళ్లు తోటి కుర్రాళ్లతో కాదు, గడ్డాలొచ్చిన మగాళ్లతో తలపడాలి. లీఫెరింగ్, సాల్జ్‌బర్గ్, లైప్‌జిగ్ మూడింటి వెనకా ఒకటే డ్రింక్ కంపెనీ. మూడు చోట్లా నేర్పే ఆట దాదాపు ఒకటే: బంతి పోయిన మరుక్షణం వెనక్కి పరుగెత్తకుండా, ముందుకు దూకి దాన్ని లాక్కోవడం. అందుకే 2021 జనవరిలో జర్మనీ వెళ్లినప్పుడు అతను కొత్త భాష నేర్చుకోవాల్సి వచ్చిందేమో గాని కొత్త ఆట నేర్చుకోలేదు. ఈ ఒక్క సంగతి చెబితే నీ మొదటి రెండు పేజీల పని అయిపోతుంది.

2019 అక్టోబరులో సాల్జ్‌బర్గ్ జట్టు లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌కి వచ్చి, 3-0 వెనకబడి, 3-3 చేసి, చివరికి 4-3తో ఓడిన రాత్రి నీ వ్యాసంలో లేదు. ఆ సాల్జ్‌బర్గ్ పదకొండు మందిలో ఇతనున్నాడు. అటువైపు కోచ్ యుర్గన్ క్లాప్. నాలుగేళ్ల తర్వాత ఇతన్ని లివర్‌పూల్‌కి తెచ్చుకున్నది ఆయనే. ఆ రాత్రే నచ్చేశాడని మాత్రం రాయకు, అది మనకి తెలియదు. తేదీలు పక్కపక్కన పెట్టు, చాలు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మిడ్‌ఫీల్డర్ గురించి రాయడం కష్టం. స్ట్రైకర్‌కి గోల్ ఉంటుంది, కీపర్‌కి సేవ్ ఉంటుంది. మధ్యలో వాడి పని చాలావరకు బంతి లేకుండా జరుగుతుంది, టీవీ కెమెరా బంతి వెంటే తిరుగుతుంది. నీ వ్యాసంలో అతని గోల్స్ వర్ణన ఐదు చోట్ల ఉంది, పరుగు ఒక్కచోట కూడా లేదు. ఒక పని చేయి. లివర్‌పూల్ పూర్తి మ్యాచ్ ఒకటి పెట్టుకుని, హైలైట్స్ కాదు, అతన్ని ఒక్కణ్ణే చూడు. ఎదుటి జట్టు డిఫెండర్ తన గోల్ వైపు ముఖం తిప్పగానే ఇతను ఎలా దూకుతాడో గమనించు. దూకేటప్పుడు కూడా తిన్నగా వెళ్లడు. వెనక ఉన్నవాడికి పాస్ వెళ్లే దారిని మూసేస్తూ కొంచెం వంపు తిరిగి వెళతాడు. అతను బంతి తాకడు, మూడు సెకన్ల తర్వాత ఇంకెవరో లాక్కుంటారు. ఆ లాక్కున్నవాడి పేరే కామెంటేటర్ చెబుతాడు. ఇతని పేరు నువ్వు చెప్పాలి.

2024-25 సీజన్‌లో, క్లాప్ తర్వాత లివర్‌పూల్ కోచ్‌గా వచ్చిన ఆర్నే స్లాట్ అతన్ని వాడుకున్నది ముఖ్యంగా ఇందుకే. ఆ ఏడాది లీగ్ గెలిచిన జట్టులో పేరంతా గోల్స్ కొట్టే సలాకి పోయింది, పోవాల్సిందే. కానీ 2025 ఫిబ్రవరిలో మాంచెస్టర్ సిటీని వాళ్ల గడ్డ మీదే 2-0తో ఓడించిన మ్యాచ్ చూడు. ఆ రోజు అసలు స్ట్రైకర్‌నే పెట్టలేదు. ఇతన్నీ కర్టిస్ జోన్స్‌నీ ముందుంచి, వాళ్లని మళ్లీ మధ్యలోకి దిగనిచ్చారు. సిటీ డిఫెండర్లకి ఎవరిని పట్టుకోవాలో తెలియలేదు. ఇతను ఒక గోల్ కొట్టాడు, సలా గోల్‌కి బంతి అందించాడు. ఆ తర్వాతి సీజన్ మొదట్లో, 2025 ఆగస్టు 31న, ఆర్సెనల్ మీద అతన్ని రైట్ బ్యాక్‌గా, అంటే కుడివైపు డిఫెండర్‌గా, ఆడించారు. కెప్టెన్‌గా దేశాన్ని నడిపే మిడ్‌ఫీల్డర్ గొణక్కుండా వెనక్కి వెళ్లి డిఫెన్స్ చేశాడు. 83వ నిమిషంలో ముప్పై గజాల పైనుంచి కొట్టిన ఫ్రీకిక్‌తో ఆ మ్యాచ్ గెలిపించాడు. నువ్వు ఫ్రీకిక్‌కి పది వాక్యాలిచ్చావు. అందులో ఐదు తీసుకెళ్లి అంతకుముందు 82 నిమిషాలకివ్వు.

స్ట్రైకర్ ఉండాల్సిన చోటు నుంచి కిందికి దిగి ఎదుటివాణ్ణి తికమక పెట్టడం అనగానే హంగరీ వాళ్లకి పాతకాలపు స్ట్రైకర్ హిదెగ్‌కుటి గుర్తొస్తాడు. 1953 నవంబరులో వెంబ్లీలో ఇంగ్లండ్‌ని 6-3తో కొట్టినప్పుడు ఆయన చేసింది అదే, హ్యాట్రిక్ కూడా ఆయనదే. ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. కానీ 'పుష్కాష్ వారసుడు' అని శీర్షిక పెట్టావే, అది నాకు నచ్చలేదు. పుష్కాష్ కెప్టెన్‌గా ఉన్న ఆనాటి హంగరీ జట్టు 1952లో ఒలింపిక్ బంగారం గెలిచింది, 1954 ప్రపంచ కప్ ఫైనల్లో పశ్చిమ జర్మనీ చేతిలో 3-2తో ఓడింది. ఆ తర్వాత పుట్టిన ప్రతి హంగరీ కుర్రాడి నెత్తిన ఆ జట్టు బరువుంది. నువ్వు కూడా ఇంకాస్త ఎక్కించకు. ఆ జట్టుని ప్రస్తావించాలనే ఉంటే మనకి నిజంగా తగిలే దారి ఒకటుంది. 1952 హెల్సింకీలో మన దేశం యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది, మన కోచ్ హైదరాబాద్ రహీమ్ సాబ్. అదే యుగోస్లావియాని ఫైనల్లో 2-0తో ఓడించింది పుష్కాష్ జట్టు. మన పాఠకుడికి ఆ హంగరీ ఎంత గొప్పదో చెప్పడానికి ఈ లెక్క చాలు.

చివరగా, నవంబర్లు. ఇక్కడే నీకు టెంప్టేషన్ ఎక్కువ. 2020 నవంబరు 12న, బుడాపెస్ట్‌లోని పుష్కాష్ అరేనాలో, యూరో కప్ బెర్త్ కోసం ఐస్‌లాండ్‌తో మ్యాచ్. 88వ నిమిషం దాకా హంగరీ 1-0 వెనకబడి ఉంది. నెగో సమం చేశాడు. ఇంజురీ టైమ్‌లో ఇరవయ్యేళ్ల సొబొస్లయి మైదానం మధ్య నుంచి బంతితో పరుగెత్తి, పెనాల్టీ బాక్స్ అంచు నుంచి కొట్టాడు. 2-1. మనకి అప్పటికి తారీఖు మారిపోయింది. అయిదేళ్ల తర్వాత, 2025 నవంబరు 16న, అదే స్టేడియం. ఐర్లాండ్‌తో డ్రా చేసుకుంటే చాలు, ప్రపంచ కప్ ప్లేఆఫ్‌కి వెళతారు. 80వ నిమిషం దాకా 2-1 ఆధిక్యం. ఐర్లాండ్ స్ట్రైకర్ ట్రాయ్ పారట్ ఒకటి కొట్టి సమం చేశాడు, 96వ నిమిషంలో ఇంకొకటి కొట్టాడు. 1986 తర్వాత ప్రపంచ కప్ చూడని దేశానికి మళ్లీ తలుపు మూసుకుంది. 22 ఏళ్లకే కెప్టెన్ అయినవాడు మైదానంలో ఏడ్చాడు.

నువ్వు దీన్ని 'విధి ఆడిన నాటకం' అన్నావు. ఇంజురీ టైమ్ గోల్స్ విధి వల్ల రావు. కాళ్లు అలిసి, మనుషుల మధ్య ఖాళీలు పెరిగి వస్తాయి. ఒకరోజు ఆ ఖాళీ మనకి దొరుకుతుంది, ఇంకోరోజు అవతలివాడికి. విధి అనే మాట ఎత్తకుండానే ఈ కథలో కావలసినంత ఉంది. 2020లో గోల్ కొట్టిన రోజు స్టేడియం ఖాళీ, కోవిడ్ ఆంక్షలు. కోచ్ మార్కో రోసీకే కోవిడ్ వచ్చి ఆయన బెంచ్ మీద లేడు. ఏడు నెలల తర్వాత, వాయిదా పడ్డ యూరో జరిగినప్పుడు, ఫ్రాన్స్‌ని 1-1తో ఆపిన రోజు ఆ స్టేడియం కిటకిటలాడింది. కానీ ఆ టోర్నీకి జట్టుని చేర్చినవాడు గాయంతో బయటున్నాడు. స్టేడియం నిండి, అతను మైదానంలో ఉండి, అంతా చేతికందినట్టే ఉన్న రోజు ఐర్లాండ్ వచ్చింది. నేనైతే ఈ మూడు రోజుల్నీ వరసగా పెట్టి మౌనంగా ఉంటాను.

2024 యూరోలో హంగరీ స్ట్రైకర్ వార్గా పడిపోయిన సంఘటన కూడా అంతే సూటిగా రాయి. స్కాట్లాండ్ కీపర్ ఢీకొని వార్గా స్పృహ తప్పితే అతన్ని పక్కకి తిప్పినవాడు ఇతను. స్ట్రెచర్ నెమ్మదిగా వస్తోందని ఎదురు పరుగెత్తినవాడూ ఇతనే. అక్కడ నీ విశేషణాలు మొత్తం తీసేశాను, చూసుకో. అదే వార్గా ఐర్లాండ్ మీద హంగరీ రెండో గోల్ కొట్టాడు. ఆ సంగతి నువ్వు వదిలేశావు.

వ్యాసం కన్నీళ్లతో ముగించకు. ఐర్లాండ్ మ్యాచ్ నాటికి అతనికి పాతికేళ్లే. ఏదైనా మామూలు లీగ్ మ్యాచ్‌లో అతని ఒక పరుగు దగ్గర ఆపెయ్. అన్నట్టు, హంగరీ వాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు, ఒకచోట నువ్వు దాన్నే అసలు పేరనుకున్నావు. ఎర్ర గీతలు పెట్టిన ప్రతి దీనితో పాటు పంపుతున్నాను. సిటీ మ్యాచ్ ఫస్టాఫ్ చూశాక నాకు ఫోన్ చెయ్, ఆ వంపు పరుగు నీకు ఎన్నో నిమిషంలో కనిపించిందో చెబితే అక్కణ్ణుంచి మాట్లాడుకుందాం.

ఉంటాను.