పోర్టు నుంచి 5 వోల్టులు తీస్తే బోర్డు రీసెట్ అవుతోందా

తమ్ముడూ, పరకాల దగ్గర బావి మోటారు షెడ్‌లో ఈఎస్‌పీ32 బోర్డును (వైఫై ఉన్న చిన్న కంట్రోల్ బోర్డు), రిలేను (కరెంటుతో నడిచే స్విచ్) సోలార్ చార్జ్ కంట్రోలర్ ఆర్‌ఎస్485 పోర్టులోని (డేటా పంపే పోర్టు) 5 వోల్టుల పిన్ మీదే నడుపుతున్నానని, వైఫై కలవగానే బోర్డు రీసెట్ అవుతోందని రాశావు. బోర్డు బాగానే ఉంది, కరెంటే చాలడం లేదు.

ఆ పిన్ ఎంటీ50 లాంటి, కంట్రోలర్ రీడింగులు చూపే చిన్న మీటర్ కోసం ఇచ్చింది. ఈఎస్‌పీ32 వైఫై సిగ్నల్ పంపే క్షణంలో సుమారు 240 మిల్లీఆంపియర్లు లాగుతుంది, దాని తయారీదారు 500 ఇవ్వగల సప్లై పెట్టమంటాడు. పైగా రిలే కాయిల్ ఒక్కటే 70 దాకా తింటుంది. వోల్టేజ్ పడిపోక ఏం చేస్తుంది?

బ్యాటరీ ప్లస్ నుంచి 1 ఆంపియర్ ఫ్యూజ్ వేసి, వోల్టేజ్ తగ్గించే ఎల్‌ఎం2596 బక్ మాడ్యూల్‌తో 5 వోల్టులు తీసుకో. బోర్డు తగిలించక ముందే మల్టీమీటర్‌తో 5 సెట్ చెయ్యి. ఫ్యూజ్ బ్యాటరీ పక్కనే ఉండాలి, ఇది మాత్రం మరవకు. వైరు షార్టయితే షెడ్డే అంటుకుంటుంది.

పోర్టు నుంచి ఏ, బీ అనే డేటా వైర్లు, గ్రౌండ్ వైరు చాలు, 5 వోల్టుల పిన్ వదిలెయ్. బక్ మైనస్‌ను బ్యాటరీ మైనస్‌కే కలుపు. లోడ్ టెర్మినల్ మైనస్‌కు వద్దు, లోడ్ ఆపేటప్పుడు చాలా కంట్రోలర్లు ఆ మైనస్‌నే తెంపుతాయి. కామన్ పాజిటివ్ (లోపల ప్లస్‌లన్నీ ఒకటిగా కలిసిన) కంట్రోలరైతే పోర్టు గ్రౌండ్, బ్యాటరీ మైనస్ ఒకటి కాకపోవచ్చు, అప్పుడు పోర్టుకూ బోర్డుకూ మధ్య పెట్టే ఆర్‌ఎస్485 మాడ్యూల్ ఐసోలేటెడ్‌ది (రెండు వైపులనూ కరెంటు పరంగా విడదీసేది) కావాలి. మామూలు మాడ్యూలైతే మ్యాక్స్3485 చిప్ ఉన్నది తీసుకో, ఈఎస్‌పీ32 వాడే 3.3 వోల్టులకు సరిపోతుంది.