తపాలా బిళ్ళ గుండ్రంగా లేదేం?

సందేహం: నేను స్టాంపులు సేకరిస్తాను. ఒకచోట 'తపాలా బిళ్ళ' అని రాస్తే మిత్రుడొకడు ఎగతాళి చేశాడు. బిళ్ళంటే గుండ్రంగా ఉండాలట, పైగా స్టాంపు అంటే ముద్ర కాబట్టి 'తపాలా ముద్ర' అనాలట. ఏది సరి? స్టాంపుల సేకరణను ఇంగ్లీషులో ఫిలాటెలీ అంటారు కదా, దానికి తెలుగు మాట ఉందా?

సమాధానం: 'తపాలా బిళ్ళ' అని నిక్షేపంగా రాయండి. బిళ్ళకు గుండ్రదనం తప్పనిసరి అయితే మరి సబ్బుబిళ్ళ సంగతేమిటి? తొక్కుడుబిళ్ళ ఆడే పిల్లలు పెంకుముక్క గుండ్రంగా ఉందో లేదో కొలిచి ఏరుకుంటారా? చేతిలో ఇమిడే విడి ముక్క ఏదైనా మనకు బిళ్ళే. అయినా గుండ్రటి స్టాంపే కావాలని పంతం పడితే అదీ ఉంది. 1852లో సింధు ప్రాంతంలో అక్కడి బ్రిటిష్ కమిషనర్ బార్టిల్ ఫ్రేర్ విడుదల చేయించిన అర అణా స్టాంపు, సింధ్ డాక్ అంటారు, అచ్చంగా గుండ్రంగానే ఉంటుంది. అందులో ఎర్రటి లక్క రకం చిన్నపాటి ఒత్తిడికే పెళుసుగా విరిగేది, తెల్లకాగితం మీద ఉబ్బెత్తుగా ఒత్తిన రకమేమో మసక వెలుతురులో సరిగా కనపడేది కాదు, నీలం రంగుదీ ఒకటి ఉంది. మీ మిత్రుడికి దాని బొమ్మ చూపించండి.

రెండో అభ్యంతరం మాత్రం తీసిపారేయదగ్గది కాదు. ఇంగ్లీషులో స్టాంపు అంటే మొదట ముద్రే. అంటించే కాగితం పుట్టక ముందే, 1661లో ఇంగ్లండు తపాలా అధిపతి హెన్రీ బిషప్ ఉత్తరాల మీద తేదీ ముద్ర కొట్టించాడు. 1840లో ప్రపంచంలో మొదటి అంటించే స్టాంపు పెన్నీ బ్లాక్ తెచ్చిన రోలండ్ హిల్ కూడా, ముద్ర పట్టేంత చిన్న కాగితం ముక్క, దాని వెనక జిగురు పూత అనే వివరించాడు. అంటే ఆయన లెక్కలో స్టాంపు ఆ ముక్క మీద ఉండేది, ముక్క కాదు. తర్వాత పేరు ముక్కకే అంటుకుపోయింది. తెలుగులో ఈ తికమకను మనం క్రియతో తీర్చుకున్నాం, గమనించారా: స్టాంపు అంటిస్తాం, స్టాంపు కొడతాం. మొదటిది బిళ్ళ, రెండోది ముద్ర. కాబట్టి 'తపాలా ముద్ర' అనేది బిళ్ళ మీద పడే తేదీ గుర్తుకే సరిపోతుంది, దాన్ని బిళ్ళకు పెడితే, ముద్ర పడిన బిళ్ళను ఏమనాలో తెలియక జుట్టు పీక్కోవాలి!

ఇక 'తపాలా'. ఇది మరాఠీ 'టపాల్'కు చుట్టం. దీనికంటే ముందే మనకు 'అంచె' ఉంది. ఒక మనిషి కొంతదూరం మోసి ఇంకొకడికి అందించడం, అక్కడినుంచి మరొకడు, అదీ అంచె. కన్నడంలో పోస్టును ఇప్పటికీ అంచె అనే అంటారు. మన దగ్గర అది 'అంచెలంచెలుగా' అన్నచోట మిగిలింది, ఉత్తరాలతో సంబంధం ఎవరికీ గుర్తులేదు. 'టపా' కథ ఇంకా తమాషా: టపా కట్టాడంటే పోయాడని అర్థం, అదే మాటను బ్లాగులు రాసేవాళ్ళు పోస్టుకు వాడుకుని కొత్త ప్రాణం పోశారు.

ఫిలాటెలీకి సంస్కృత సమాసం కల్పించమని మాత్రం నన్నడగకండి. 1864లో జార్జ్ హెర్పాన్ అనే ఫ్రెంచి సేకర్త రెండు గ్రీకు మాటలు అతికి చేశాడు దాన్ని, ఇష్టం అని ఒకటి, సుంకం లేకపోవడం అని ఇంకొకటి. బిళ్ళ అంటించిన ఉత్తరానికి పంపినవాడే డబ్బు కట్టేశాడు, అందుకున్నవాడికి సుంకం లేదు, అదీ సంగతి. ఇంత చుట్టుతిరుగుడు మాటను మళ్ళీ తెలుగులోకి తిప్పి 'సుంకరాహిత్యప్రియత్వం' అంటే ఎవరికి అర్థమవుతుంది? 'తపాలా బిళ్ళల సేకరణ' చాలు. మాట్లాడేటప్పుడు స్టాంపులు అన్నా తప్పులేదు, నేనూ అలాగే అంటాను.

మిగతా మాటల్లో, కొత్త బిళ్ళ విడుదలైన రోజే దాన్ని అంటించి ముద్ర కొట్టిన ఫస్ట్ డే కవర్‌కు 'తొలిరోజు కవరు' బాగుంది, వాడండి. బిళ్ళలు చింపుకోవడానికి వీలుగా అంచున వేసే చిల్లుల వరస, అంటే పర్ఫొరేషన్‌కు 'రంధ్రీకరణ' వద్దు. పెన్నీ బ్లాక్ నాటికి అంచున చిల్లుల్లేవు, కత్తెరతో కోసుకునేవాళ్ళు, చిల్లులు తర్వాత వచ్చాయి. రెండు సెంటీమీటర్లలో ఎన్ని చిల్లులున్నాయో లెక్కపెట్టి అంచును కొలుస్తారు కాబట్టి చిల్లుల లెక్క అంటే సరి. చింపాక అంచున మిగిలేవి పళ్ళు. ఒక పన్ను విరిగిందనండి, సేకర్తలకు వెంటనే తెలుస్తుంది.