1997 నాటి ప్లంబింగ్ సర్టిఫికెట్ ఉండగా ఇప్పుడు అప్పు చేయాలా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. వయసు 46. పదో తరగతి పాసై, 1997లో ఐటీఐ ప్లంబర్ ట్రేడ్ చేశాను. అప్పటి నుంచీ ఇదే పని. గల్ఫ్‌కి పంపుతానంటున్న ఏజెంటు నా సర్టిఫికెట్ పాతదైపోయింది, చెల్లదంటున్నాడు. కొత్త సర్టిఫికెట్‌కి 40 వేలు, వీసాకి 2.10 లక్షలు అడిగాడు. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి నోటు రాసిస్తే డబ్బు దొరుకుతుంది. వెళ్లేదాకా వడ్డీ ఇక్కడి పని మీదే కట్టగలను. ఇంటి ఖర్చు నెలకు 22 వేలు. ఇద్దరు పిల్లల చదువులు. పోస్టాఫీసు ఆర్‌డీలో 38 వేలున్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ నోటు మీద సంతకం పెట్టకండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మీ సర్టిఫికెట్ చెల్లదన్నది అబద్ధం. ఐటీఐ పాసైనవాళ్లకిచ్చే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్‌కు గడువు తేదీ ఉండదు, దాన్ని రెన్యువల్ చేయించే పద్ధతే లేదు. అది ఇచ్చిన కేంద్ర వృత్తి శిక్షణ మండలి ఎన్‌సీవీటీ స్థానంలో 2018లో ఎన్‌సీవీఈటీ అనే కొత్త మండలి వచ్చింది. ఆ మార్పును చూపించే చాలామంది ఏజెంట్లు పాతవాళ్లను భయపెడుతున్నారు. సంస్థ మారినంత మాత్రాన మీరు పాసైన పరీక్ష రద్దు కాదు.

పాతబడేది పని. మీరు నేర్చుకున్న రోజుల్లో జీఐ ఇనప పైపుని వైస్‌లో బిగించి, డై తిప్పి మరలు కోసి, జనపనార చుట్టి ఎల్బో ఎక్కించేవారు. మన తీర ప్రాంతపు బోర్ల ఉప్పునీళ్లకు ఆ పైపులు తుప్పు పట్టి, ఇప్పుడు సీపీవీసీ ప్లాస్టిక్ పైపు వచ్చేసింది. పైపు తిన్నగా కోసి, అంచు నునుపు చేసి, సాల్వెంట్ రాసి, పావు వంతు తిప్పుతూ లోపలికి నెట్టి అర నిమిషం కదలకుండా పట్టుకోవాలి. ఆ అర నిమిషం పట్టుకోకపోతే టైల్స్ వేశాక గోడలోంచి కారుతుంది. ఇది మీకు నేను చెప్పాలా! ఇంత కాలంగా పనిలో ఉన్నారంటే ఇవన్నీ చేతికి వచ్చేసి ఉంటాయి. కాగితం కావాలంటే ప్రభుత్వ నైపుణ్య పథకం పీఎంకేవీవైలో ఆర్‌పీఎల్ అని ఉంది. వచ్చిన పనినే పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు, అభ్యర్థి నుంచి ఫీజు తీసుకోరు. సౌదీ అయితే ప్లంబర్లకు విడిగా పరీక్ష పెడుతుంది. ఏజెంటు చేతిలో పోసిన 40 వేలు ఆ పరీక్ష పాస్ చేయించవు.

ఇక అసలు సంగతి. రెండున్నర లక్షలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 7,500, ఏడాదికి 90 వేలు. అసలులో రూపాయి కూడా తగ్గదు. వీసా ఆర్నెల్లు ఆలస్యమైతే 45 వేలు గాలికి పోయినట్టే. ఇదంతా మీ చేతిలో రెండు నెలల ఖర్చుకైనా చాలని 38 వేలతో మొదలుపెడదామంటున్నారు! నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఇలాంటివే. ఇంట్లో అత్యవసర నిధి ఉండదు, అప్పు మాత్రం రెడీగా ఉంటుంది.

మీ పని ఎలాంటిదో మీకే తెలుసు. ఆషాఢంలో గృహప్రవేశాలుండవు. వానలకు పల్లం స్థలాల్లో నీళ్లు నిలిచి పునాదులు ఆగిపోతాయి. 2019లో ఇసుక దొరక్క ఎన్ని ఇళ్లు ఆగాయో, మరుసటి ఏడాది కరోనాకు ఎన్ని నెలలు ఖాళీగా కూర్చున్నారో గుర్తుండే ఉంటుంది. శ్లాబు మీద ట్యాంకు బిగిస్తూ కాలు జారితే ఎన్టీఆర్ వైద్య సేవ ఆపరేషన్ ఖర్చు చూసుకుంటుంది. మంచం మీదున్న మూడు నెలలూ బియ్యం, ఫీజులు ఎవరు కడతారు?

కాబట్టి ఆరు నెలల ఖర్చు, అంటే 1.32 లక్షలు, ముందు కూడబెట్టండి. వడ్డీకి నెలకు 7,500 కట్టగలనని మీరే రాశారు. అదే డబ్బు మీ ఖాతాలోకి పోతే, ఇప్పుడున్న 38 వేలతో కలిపి పదమూడు నెలల్లో నిధి పూర్తవుతుంది. పని లేని నెలలో తగ్గితే తగ్గనివ్వండి, పని దొరికిన నెలలో కాస్త ఎక్కువ వేయండి. ఈ డబ్బును బండికీ, పెళ్లి చదివింపులకూ, బావమరిది చేబదులుకూ తీయకండి. వేరే ఖాతాలో, ఏటీఎం కార్డు మీ ఆవిడ దగ్గర ఉంచితే మంచిది.

ఈలోగా బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవన జ్యోతి జీవిత బీమా తీసుకోండి. రెండోదానిలో కొత్తగా చేరడానికి 50 ఏళ్లు దాటకూడదు, ఆలస్యం చేయకండి. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో ప్లంబర్లూ చేరవచ్చు. చిట్టీలు, మ్యూచువల్ ఫండ్లు నిధి పూర్తయ్యాక చూద్దాం.

అప్పటికీ గల్ఫ్ వెళ్లాలనిపిస్తే వెళ్లండి, నేనేమీ అడ్డుచెప్పను. కానీ రిజిస్టర్డ్ రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోదగ్గ సర్వీసు ఛార్జీ 30 వేలు, దానిపై జీఎస్టీ, అంతే. మీ ఏజెంటు 2.10 లక్షలు అడిగాడు. అతని రిజిస్ట్రేషన్ నంబరు అడిగి తీసుకుని కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో మీ అబ్బాయి చేత వెతికించండి. అక్కడ పేరు కనిపించకపోతే అతనికి ఫోన్ చేయడం మానేయండి. ఈపాటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే, ఎంతిచ్చారో, రసీదుందో లేదో నాకు వెంటనే రాయండి.